షట్‌డౌన్‌లో ఉన్న మనిషిని మాట్లాడించాలని చూడకండి

ఆటిజం ఉన్న మీ తమ్ముడు కాలేజీ నుంచి వచ్చాక ఒక్కోసారి గంటల తరబడి గోడ వైపు తిరిగి పడుకుంటాడనీ, పిలిచినా పలకడనీ రాసి, ఎలా మాట్లాడించాలని అడిగారు. మాట్లాడించవద్దన్నదే నా సమాధానం. వెలుగు, శబ్దం, అలసట వంటివి భరించలేనంతగా పెరిగి, మనిషి లోపలికి ముడుచుకుపోయి మాట రాకుండా అయ్యే ఈ స్థితినే షట్‌డౌన్ అంటారు. ఆటిజం నాకూ ఉంది.

మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి తెల్లవారుజాము ముహూర్తానికి జరిగింది. రాత్రంతా నిద్ర లేకపోవడం, బాజాలు, వీడియో వాళ్ల లైట్లు, సెంటు వాసనలు అన్నీ భరించాక, టిఫిన్ల దగ్గర ఒక బంధువు నా భుజం పట్టుకొని, "నేనెవరో చెప్పుకో చూద్దాం" అన్నారు. ఆవిడ పేరు, ఊరు, వరస అన్నీ నాకు తెలుసు, కానీ నోరు కదలలేదు. మన పెళ్లిళ్లలో ఈ పరీక్ష పెట్టే పెద్దలను ఎవరు ఆపుతారో నాకు తెలియదు. అలిగిందన్నారు, పొగరన్నారు, కళ్లు తిరిగాయని ముఖాన నీళ్లు చల్లారు. చివరికి ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేస్తే, ఆ ఘాటుకు మిగిలిన కాస్త ఓపికా పోయింది. ఎవరేమన్నదీ నాకు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది. పెద్దమ్మ వచ్చి నన్ను గదిలోకి తీసుకువెళ్లి, లైటు ఆర్పి, తలుపు వేసి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పక్కన కూర్చున్నారు. చాలాసేపటికి తల ఊపగలిగాను, మాట మాత్రం సాయంత్రానికి గానీ రాలేదు.

ఇదే ఒత్తిడి అరుపులుగా, ఏడుపుగా బయటపడితే అందరూ గమనిస్తారు. లోపలికి ముడుచుకుంటే బడిలో "నెమ్మదస్తురాలు" అని మెచ్చుకుంటారు. వెలుగు, శబ్దం, వాసన మమ్మల్ని ఇంతగా బాధిస్తాయన్న సంగతిని అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ ప్రమాణాల్లో చేర్చింది కూడా 2013లోనే.

కాబట్టి అతను ఇంటికి రాగానే తిన్నావా, పరీక్ష ఎలా రాశావు అనే ప్రశ్నలు మానేయండి. గది చీకటి చేసి, నీళ్లు, దుప్పటి అందేటట్టు పెట్టండి. మాట రానప్పుడు కూడా ఫోన్‌లో టైపు చేయగలిగేవారు ఉన్నారు కాబట్టి, బాగున్న రోజునే ఆ ఏర్పాటో, చేతి సైగలో మాట్లాడి పెట్టుకోండి. అయితే చూపు నిలిచిపోయి, తట్టినా స్పందన లేక, ఆ సమయంలో జరిగినదేదీ తరువాత గుర్తుండకపోతే అది ఫిట్స్ కావచ్చు. ఆటిజం ఉన్నవారిలో ఫిట్స్ ఎక్కువగా కనిపిస్తాయి కనుక, అటువంటప్పుడు న్యూరాలజిస్టుకు తప్పక చూపించాలి.

మీ తమ్ముడి విషయంలో నా అనుమానమంతా కాలేజీ బస్సు మీదే ఉంది. రోజూ రానూ పోనూ స్పీకర్లలో పాటలు మోగించే బస్సయితే వేరే కారణం వెతకనక్కరలేదు. ఆపమని డ్రైవరును అడిగి చూడండి, ఒప్పుకోకపోతే శబ్దాన్ని తగ్గించే హెడ్‌ఫోన్లు కొనివ్వండి.