ఒకప్పుడు ఒకే ఒక్క మనిషి ఉన్న బ్యూఫర్డ్ ఊరు ఎలా పుట్టింది?

రైలు వల్ల పుట్టింది. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, షయాన్, లారమీ పట్టణాల మధ్య, 1860ల్లో ఖండాంతర రైలుమార్గం వేసే కూలీల కోసం వెలిసిన మకాం ఇది. అంతర్యుద్ధంలో పోరాడిన జనరల్ జాన్ బ్యూఫర్డ్ పేరు పెట్టారు. అప్పట్లో రెండు వేల మంది దాకా ఉండేవారని చెబుతారు. పట్టాలు ముందుకు సాగాయి, జనం కూడా వాటి వెంటే వెళ్లిపోయారు.

చివరికి మిగిలింది హైవే పక్కన ఒక పెట్రోల్ బంకు, కొట్టు, ఒక ఇల్లు. "జనాభా 1, ఎత్తు 8000 (అడుగులు)" అన్న ఆ ఊరి బోర్డు ఫొటో చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇలాంటి ఊళ్లను అన్‌ఇన్‌కార్పొరేటెడ్ కమ్యూనిటీ అంటారు. అంటే మన పంచాయతీలా సొంత పాలకవర్గం ఉండదు, వ్యవహారాలు కౌంటీ (మన జిల్లా లాంటిది) చూసుకుంటుంది. 2012లో బ్యూఫర్డ్‌ను వేలం పెడితే వియత్నాం వ్యాపారి ఒకాయన 9 లక్షల డాలర్లకు కొని, ఆ కొట్టులో తమ దేశపు కాఫీ అమ్మారు.