ఏ స్క్రూకి ఏ బిట్?

ప్రశ్న: పాత మారుతి కారు డోర్ సరిగా పడటం లేదు. పిల్లర్ మీదున్న స్ట్రైకర్‌ని (డోర్ లాక్ పట్టుకునే కొక్కెం) సర్దబోతే స్టార్ స్క్రూడ్రైవర్ జారి గాడి అరిగిపోయింది. స్క్రూడ్రైవర్ కొత్తదే, మరెందుకిలా?
– ఓ పాఠకుడు, మలక్‌పేట

జవాబు: సైజు తేడా. ఇళ్లలో సాధారణంగా ఉండేది పీహెచ్-2, అంటే స్టార్ (ఫిలిప్స్) రకంలో రెండో నంబరు. స్ట్రైకర్‌కి ఉండే పెద్ద స్టార్ స్క్రూలకు దాదాపుగా పీహెచ్-3 కావాలి. రెండో నంబరు బిట్ కూడా గాడిలోకి దిగుతుంది, అందుకే సరిపోయిందనుకుంటాం. కానీ గాడి గోడలకు నిండుగా ఆనదు. బలం పెట్టగానే పైకి తన్నుకొచ్చి అంచుల్ని కొరికేస్తుంది. తిప్పే ముందు బిట్‌ని గాడిలో పెట్టి వేళ్లతో అటూ ఇటూ కదిపి చూడండి. ఆడుతోందంటే అది ఆ స్క్రూది కాదు.

స్క్రూ తల మీద చిన్న చుక్క గుంటలా కనిపిస్తే అది జపాన్ వాళ్ల జేఐఎస్ రకం. జపాన్ డిజైన్ బండ్లలో ఇది తరచూ తగులుతుంది. చూపుకు ఫిలిప్స్‌లాగే ఉన్నా, ఫిలిప్స్ బిట్ మొన ముందే అడుగున తగిలి, రెక్కలు పూర్తిగా కూర్చోవు. జేఐఎస్ బిట్ మాత్రం ఫిలిప్స్ స్క్రూకీ బాగానే పట్టుతుంది కాబట్టి కొనేటప్పుడు అదే కొనండి.

ఇప్పుడు ఆ స్క్రూ సంగతి. ముందు స్ట్రైకర్ చుట్టూ పెన్సిల్‌తో గీత గీయండి, లేకపోతే మళ్లీ పాత చోటు దొరకదు. గాడిలో మట్టిని సూదితో గీకి తీసి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి పావుగంట ఆగండి. తర్వాత చేతి ఇంపాక్ట్ డ్రైవర్‌కి మూడో నంబరు బిట్ పెట్టి, విప్పే వైపు తిప్పి ఉంచి, సుత్తితో నిటారుగా గట్టి దెబ్బ వేయండి. ఆ దెబ్బకే బిట్ లోపలికి దిగుతుంది, స్క్రూ తిరుగుతుంది. సర్దడానికి స్క్రూలు వదులైతే చాలు. కొన్ని కార్లలో వెనకాల ఉండే నట్ ప్లేటు (స్క్రూలు బిగిసే మరల పలక) విడిగా ఉంటుంది. రెండు స్క్రూలూ ఒకేసారి ఊడదీస్తే అది పిల్లర్ లోపల పడిపోతుంది.

ప్రశ్న: ఫోక్స్‌వ్యాగన్ పోలో డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) బోల్టులకు అలెన్ కీ పట్టడం లేదు. టార్క్స్ బిట్ కొంచెం వదులుగా పడుతోంది. కొట్టి దింపమంటారా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వద్దు. ముందు మొనలు లెక్కపెట్టండి. ఆరు తిన్నని గోడలుంటే అలెన్. గుండ్రటి ఆరు రేకులుంటే టార్క్స్. పన్నెండు పదునైన మొనలుంటే ట్రిపుల్ స్క్వేర్, దీన్నే ఎక్స్‌జెడ్‌ఎన్ అంటారు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడీ బండ్లలో ఇది మామూలే. మీ దగ్గరున్నదీ అదే అయి ఉంటుంది. ఎం-8, ఎం-10 సైజుల బిట్లు తెచ్చి, ఏది కదలకుండా కూర్చుంటే దాన్ని వాడండి.

ఈ బోల్టులు పాడయ్యేది ఎక్కువగా మురికి వల్లే. గ్రీజూ, రోడ్డు బురదా కలిసి గుంట అడుగున గట్టిపడి ఉంటాయి. సరైన బిట్టే అయినా సగం లోతులో ఆగిపోతుంది, మొనలు ఊడిపోతాయి. పదునైన పుల్లతో తవ్వి, బ్రేక్ క్లీనర్ కొట్టి, అడుగు మెరిసేదాకా తుడవండి. బిట్‌ని సుత్తితో మెల్లగా తట్టి అడుగుకి ఆనించండి. రాచెట్‌కి (ఒక వైపే పట్టి తిప్పే హ్యాండిల్) పొడవు ఎక్స్‌టెన్షన్ వేసి, వంకర పోకుండా పట్టుకుని తిప్పండి.

టార్క్స్ గుంట మధ్యలో చిన్న పిన్ను నిలబడి ఉంటే దానికి నడుమ చిల్లున్న బిట్ కావాలి. పిన్ను విరగ్గొట్టకండి. బోల్టు తలే బయటికి ఆరు రేకుల్లా ఉంటే ఈ-సాకెట్ అడగండి. ఈ-8కీ టీ-8కీ (మామూలు టార్క్స్ బిట్ నంబరు) సంబంధం లేదు. రాణిగంజ్‌లో కొనేటప్పుడు ఉత్త 'స్టార్' అంటే చాలా షాపుల్లో ఫిలిప్సే చేతిలో పెడతారు. రకం, నంబరు రెండూ చెప్పండి. వీలైతే బోల్టు ఫొటో చూపించండి.

ప్రశ్న: మొదటిసారి సాకెట్ సెట్ కొంటున్నాను. ఆరు మూలలవా, పన్నెండు మూలలవా?
– ఓ పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: ఆరు మూలలవే. తుప్పు పట్టిన తలకైనా వెడల్పుగా పట్టు దొరుకుతుంది. 3/8 అంగుళం డ్రైవ్ (హ్యాండిల్ కూర్చునే చదరపు గుంట కొలత) సెట్‌తో మొదలుపెట్టండి. జపాన్, కొరియా బండ్లకు 8, 10, 12, 14, 17, 19 మి.మీ. సాకెట్లతో చాలా పనులు అయిపోతాయి. యూరప్ బండ్లుంటే 13, 16, 18 కూడా కలపండి. అంగుళాల సాకెట్లు కలిపి అమ్మే సెట్ మాత్రం వద్దు. 3/4 అంగుళం 19.05 మి.మీ. కాబట్టి 19కి నడుస్తుంది. అర అంగుళం సాకెట్ 12.7 మాత్రమే, 13కి ఎక్కదు. 7/16 అంగుళం 11.1, 11కి కొంచెం వదులు, గట్టిగా బిగిసిన తల మీద మూలలు తినేస్తుంది.

చక్రాల నట్లకు విడిగా అర అంగుళం డ్రైవ్ హ్యాండిల్ తీసుకోండి. మారుతి బండ్లలో ఎక్కువగా 19, హ్యుందాయ్‌లో 21, ఫోక్స్‌వ్యాగన్‌లో 17 మి.మీ. ఉంటుంది. ఇంపాక్ట్ గన్ వాడితే నల్లటి, మందపాటి గోడల సాకెట్లే వాడండి. మెరిసే క్రోమ్ సాకెట్ గన్ దెబ్బకి పగిలి ముక్కలు కంట్లో పడొచ్చు.