మీ వదినగారు ఓపెన్ పది తప్పకుండా రాయవచ్చు

ఏడుతో చదువు ఆపేసిన 34 ఏళ్ల వదిన ఇప్పుడు పది రాయగలరా, లెక్కలంటే భయమని అడిగారు. తప్పకుండా రాయగలరండి. మీది ఆంధ్రప్రదేశే కాబట్టి సార్వత్రిక విద్యాపీఠంలో, అంటే ఓపెన్ స్కూల్లో చేర్పించండి. 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి పరిమితి లేదు. మండలంలో ఏ హైస్కూల్లో స్టడీ సెంటర్ ఉందో హెడ్మాస్టరుగారిని అడగండి.

లెక్కల గురించి టెన్షన్ వద్దు. దానికి బదులు ఎంచుకోవడానికి హోమ్ సైన్స్ లాంటి సబ్జెక్టులూ ఉంటాయి. అన్నీ ఒకేసారి పాసవ్వాలనీ లేదు. పాసైనవి అలాగే ఉంటాయి, మిగిలినవి మళ్లీ రాసుకోవచ్చు.

ముందు పాత బడి నుంచి టీసీ తెప్పించండి. దానిలో పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో కలవకపోతే ఇప్పుడే సరిచేయించండి. మా పిన్నికి అక్కడే ఏడాది పోయింది.

చదవడం, రాయడం మర్చిపోయిన పక్కింటివాళ్లుంటే వాళ్లకి కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ అక్షరాస్యత తరగతులున్నాయి, 15 ఏళ్లు దాటినవాళ్ల కోసం. వదినగారు తన పది క్లాసులకి వెళ్లేటప్పుడు వాళ్లతో కలిసి వెళ్లమనండి. ఒంటరిగా వెళ్లేవాళ్లే మధ్యలో మానేస్తున్నారు, మా ఊళ్లో చూశాను.