చిరునామాలో కులం

ప్రశ్న: వీధుల, వాడల పేర్లలో ఉన్న కులాన్ని తొలగించాలని 2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిందని చదివాను. పేరు మార్చినంత మాత్రాన ఆ వీధికి మంచినీళ్లు వస్తాయా? ఇది ఖర్చు లేని న్యాయం కాదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మంచినీళ్లు రావు. అయితే ఆ వీధి కుర్రవాడు ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ చిరునామా గడి దగ్గర కలం ఆపవలసిన అవసరం తప్పుతుంది. రిజర్వేషన్ కోసం కులం గడి నింపడం అతడి హక్కు, అది తానుగా చెప్పుకునేది. చిరునామాలో చేరిన కులం మాత్రం రేషన్ కార్డు మొదలు పెళ్లి శుభలేఖ దాకా ఎవరూ అడగకుండానే అతడిని పట్టిస్తూ ఉంటుంది.

‘కాలనీ’ అన్న మాటనే తీసుకోండి. మన పట్టణాల్లో బ్యాంకు కాలనీ అంటే గౌరవమే. తమిళ పల్లెల్లో మాత్రం ‘ఊరు’ అంటే తక్కిన కులాల ఇళ్లు, ‘కాలనీ’ అంటే దళితుల ఇళ్లు. అందుకే ఆ మాటను ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తామని ముఖ్యమంత్రి స్టాలిన్ 2025 ఏప్రిల్‌లో శాసనసభలో ప్రకటించారు. మాలపల్లి, మాదిగవాడ అన్న పేర్లు వింటూ పెరిగిన మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

అలాగని ప్రతి పేరులోని తోకనూ కత్తిరించాలనను. ఆ అక్టోబరులోనే కోయంబత్తూరులో అవినాశి రోడ్డు వంతెనకు ఆ ఊరి ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త జి.డి. నాయుడు పేరు పెట్టినప్పుడు, ఇది కులం కాదా అని కొందరు నిలదీశారు. ఆ పేరు ఒక మనిషిది. వంతెన కింద నివసించేవారి కులాన్ని అది చెప్పదు. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది.

నాకున్న అనుమానం వేరు. మహారాష్ట్ర 2020 డిసెంబరులో మహార్‌వాడా (మహార్ అక్కడి దళిత కులం) వంటి పేర్లకు బదులు సమతానగర్, భీమ్‌నగర్ వంటివి పెట్టాలని నిర్ణయించింది. ప్రతి ఊళ్లోనూ వెలివాడకే భీమ్‌నగర్ అని పేరు పెడితే, కొన్నాళ్లకు అదీ ‘కాలనీ’ లాంటి గుర్తే అవుతుంది. ఆ పేరు ఊరి నడిబొడ్డుకూ రావాలి. అది ఖర్చు లేని పని కాదని మనకే తెలుసు: కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టబోతే 2022 మేలో అమలాపురంలో మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు.

మీరడిగింది మీ వీధి గురించే అయితే, కొత్త పేరును వీధివారే కూర్చుని ఎంచుకుని మునిసిపల్ కమిషనరుకు అర్జీ పెట్టండి. మంచినీళ్ల గొట్టం సంగతీ అదే అర్జీలో రాయండి.