కోస్తాలో వసంతకాలపు పండుగలు ఏవి చూడాలి?

"మార్చి, ఏప్రిల్‌లో పిల్లలతో కోస్తా ఆంధ్ర వైపు నాలుగు రోజులు వద్దామనుకుంటున్నాం. ఏ పండుగలు, ఉత్సవాలు చూడొచ్చు?" అని అడిగారు.

ముందే వచ్చిన జవాబుల్లో ఒకాయన కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థం రాశారు. అయ్యా, అది కనుమ నాడు. ఏప్రిల్‌లో వెళ్తే కొబ్బరితోట తప్ప ఏమీ కనపడదు. ఇంకొకరు పంచాంగం తీసి వసంతం ఉగాదితోనే మొదలని తగువు పెట్టుకున్నారు. మామిడి పిందెకు పంచాంగం తెలియదండీ. మా వైపు చలి తగ్గి, మధ్యాహ్నం అరుగు మీద కునుకు పట్టిందంటే వసంతమే.

సరే, అడిగారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. ఉగాది ముందు రోజు కొత్త అమావాస్య. ఆ రోజు అనకాపల్లిలో నూకాలమ్మ జాతర మొదలై నెల్లాళ్లు సాగుతుంది. బెల్లానికి పేరుపడ్డ ఊరు కాబట్టి ఉగాది పచ్చడికి బెల్లం కూడా అక్కడే కొనుక్కోవచ్చు. వైశాఖ తదియకి సింహాచలం చందనోత్సవం. ఏడాది పొడుగునా చందనంలో ఉండే స్వామి నిజరూపం ఆ ఒక్క రోజే కనిపిస్తుంది. ఆ రాత్రి మళ్లీ మూడు మణుగుల చందనం పూస్తారు. పిల్లలతో అయితే ఆ రోజు వద్దని నా సలహా. ఆ క్యూలో గంటల తరబడి ముందువాళ్ల వీపు తప్ప ఏమీ కనపడదు. రాజమండ్రి దగ్గర మా కోరుకొండలో ఫాల్గుణ ఏకాదశికి కొండ మీద నరసింహస్వామి కల్యాణం, కింద తీర్థం. గుంటూరు వాళ్లు తిరునాళ్లంటారు, మేం తీర్థమంటాం. జీళ్లు మాత్రం రెండు చోట్లా పంటికి ఒకేలా అంటుకుంటాయి.

ఇక అసలు సంగతి. పండుగ చూడ్డానికి పండుగ రోజున రాకండి. ఆ రోజున ఉండేది మైకు, విరాళాలిచ్చినవాళ్ల పేర్ల జాబితా, ప్లాస్టిక్ గ్లాసులో పానకం. పండుగ అంతా దానికి ముందు నెలా రెండు నెలల్లోనే అయిపోతుంది. ఇది నాకు 2021లో తెలిసింది, అదీ సిగ్గుపడాల్సిన విధంగా.

అప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్. హైదరాబాద్‌లో అద్దె దండగని కోరుకొండ దగ్గర మా ఊరికి వచ్చేశాను. ఒకరోజు పొద్దున్నే మా పిన్ని ఒక చిన్న గుడ్డ మూట తెచ్చి అమ్మకిచ్చింది. పావు కిలో వడ్లు. శ్రీరామనవమి నాడు భద్రాచలంలో జరిగే సీతారాముల కల్యాణానికి గోటి తలంబ్రాలు. మా వైపు కొన్నేళ్లుగా జరుగుతున్నదే. భద్రాచలంలో స్వామి దగ్గర పెట్టి తెచ్చిన విత్తనంతో ఇక్కడ ప్రత్యేకంగా పండిస్తారు. హనుమంతుడు, జాంబవంతుడు వేషాలు కట్టి మరీ దుక్కి దున్నుతారు, కోత కోస్తారు. ఆ వడ్లని రోట్లో వేయకూడదు, మిల్లుకి పంపకూడదు. ఒక్కో గింజా గోటితో ఒలవాలి. స్నానం చేసి, రామనామం అనుకుంటూ.

భద్రాచలం తెలంగాణలో ఉంది, మీకేంటి సంబంధం అంటారేమో. 1959 దాకా అది మా తూర్పు గోదావరి జిల్లాలోదే. తర్వాత ఖమ్మంలో కలిపారు. కాగితం మీద గీతలు మారాయి, గోదావరి మారలేదు కదా.

పావు కిలో ఎంతలే అనుకున్నాను. కూర్చున్నాక తెలిసింది. ఎడమచేతి రెండు వేళ్ల మధ్య గింజని నిలబెట్టాలి. వడ్లగింజ ముక్కు దగ్గర పొట్టు రెండు రెక్కలుగా కలిసే చోట సన్నటి గీత ఉంటుంది. అక్కడ కుడి బొటనవేలి గోరు ఆనించి మెల్లగా నొక్కితే చిటుక్కుమని విడుతుంది. కాస్త ఎక్కువ నొక్కామా, బియ్యం ముక్కు విరిగిపోతుంది. విరిగింది పనికిరాదు. అక్షతలంటేనే క్షతం లేనివి. అమ్మ విరిగినవాటిని ఏరి పిచ్చుకలకి వేసేది. నూరు గింజలు ఒలిచేసరికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. అమ్మకి ఆరు నిమిషాలు. ఉద్యోగం అలాంటిది కాబట్టి వెంటనే లెక్క కట్టాను. ఆ వడ్లు వెయ్యి గింజలు దాదాపు 20 గ్రాములు తూగాయి. అంటే పావు కిలోకి 12,500. నా వేగంతో నేనొక్కణ్ణే చేస్తే నలభై గంటలు దాటుతుంది. అమ్మకి చెబితే, "లెక్కలు ఆపి ఒలవరా" అంది.

రెండో రోజుకే గోటి కింద పొట్టు ముల్లులా దిగి వేలు వాచింది. మూడో రోజు మధ్యాహ్నం ఆఫీసు కాల్. కెమెరా ఆపేసి, ల్యాప్‌టాప్ పక్కన పళ్లెం పెట్టుకుని కూర్చున్నాను. గోరు మాట వినడం లేదు. ఒక్క గింజని ముందుపళ్ల మధ్య పెట్టి చూశాను. చిటుక్. ఎంత బాగా వచ్చిందంటే, విరగలేదు, నలగలేదు. ఇంకోటి. ఇంకోటి. రాముడు అడవిలో ఎంగిలి పళ్లు తిన్నాడు కదా అని మనసులో నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. ఇంతలో హెడ్‌ఫోన్లో మా టీమ్ లీడ్, "ఎవరి లైన్లోనో ఎలుక కొరుకుతున్నట్టు చప్పుడు వస్తోంది, మ్యూట్ చేసుకోండి" అన్నాడు. కంగారుపడి మ్యూట్ బటన్ కోసం వెతుకుతుంటే వెనక అమ్మ.

"ఏంట్రా ఆ నమలడం?"

పెదాల మధ్య వడ్లగింజ ఉంది. అబద్ధం చెప్పడానికి కూడా వీల్లేదు.

"ఎన్ని?"

"ఓ పాతిక ఉంటాయేమోనమ్మా."

"ఏవి?"

అదే కదా. పళ్లెంలో అన్నీ ఒకటే రంగు, ఒకటే పొడుగు. అమ్మవి, పిన్నివి, నావి, మూడు రోజుల పని మొత్తం కలిసిపోయి ఉంది. అందులో పాతిక ఎంగిలి. ఏరడానికి లేదు. తిడుతుందని చూశాను. తిట్టలేదు. పళ్లెం రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆ బియ్యంతో కొత్త బెల్లం వేసి పరమాన్నం వండి, నా ఒక్కడికే గిన్నెలో పెట్టింది. "ఆయనకి పనికిరావు, నీకు పనికొస్తాయి" అంది. తవుడు తీయని బియ్యం కదా, ఎంతసేపు ఉడికినా పంటికి తగులుతూనే ఉంది. మధ్యమధ్యలో ఒక పొట్టు. పిన్ని గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మొత్తం తినే దాకా అమ్మ ఎదురుగానే కూర్చుంది.

ఆ సాయంత్రమే పిన్ని వేరే ఇంట్లో మిగిలిన వడ్లు అడిగి తెచ్చింది. ఆ పావు కిలో నేనే ఎక్కువ ఒలిచాను, గోటితోనే. పన్నెండు రోజులు పట్టింది. సాయంత్రాలు మా అరుగు మీదకి వీధిలో ఆడవాళ్లు నలుగురైదుగురు ఎవరి పళ్లెం వాళ్లు పట్టుకుని వచ్చేవారు. ఎవరింట్లో కోడలు కడుపుతో ఉంది, ఎవరి చెరువు కౌలు ఎంతకి పోయింది, అంతా అక్కడే. మధ్యలో ఎవరో "రామ రామ" అనడం, అందరూ ఒక్క క్షణం సర్దుకుని మళ్లీ రామనామం అందుకోవడం, మళ్లీ కబుర్లు. ఇంతకంటే మంచి ఉత్సవం నేను ఏ టికెట్టు కొనీ చూడలేదు.

పందిళ్ల సంగతి కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా చిన్నప్పుడు నవమి పందిరంటే తాటాకు. కిందకి వెళ్తే చల్లగా, పచ్చివాసనగా ఉండేది. ఇప్పుడు ఇనప గొట్టాలు, రంగు గుడ్డ, కింద సెగ, పక్కన డీజే. రాత్రి హరికథ చెప్పించే డబ్బులు డీజేకి పోతున్నాయి. పానకంలో మిరియం ఏరుకోవాల్సి వస్తోంది. మంగళగిరిలో సాక్షాత్తూ పానకాల స్వామే ఉన్నాడు, నేను కాదనను, కానీ గొంతులో మంట పుట్టించే పానకం మా వైపుదే. ఇంట్లో చేసిందైతే.

ఆ ఏడాది నవమి ఏప్రిల్ 21న వచ్చింది. కరోనా వల్ల భద్రాచలంలో భక్తులు లేకుండానే కల్యాణం. మేం టీవీ ముందు కూర్చున్నాం. అక్కడ తలంబ్రాల్లో పసుపుతో పాటు గులాలు కలుపుతారు, తానీషా కాలం నుంచీ వస్తున్న ఆనవాయితీ అంటారు. అందుకే ఎర్రగా ఉంటాయి. పూజారి దోసిలి ఎత్తి పోయగానే పిన్ని లేచి టీవీ దగ్గరికి వెళ్లి తెర మీద వేలు పెట్టింది. "అదిగో, ఆ చివర జారింది చూడు, అది మనదే."

"అది వాడిది కాదు కదా?" అంది అమ్మ, నా వైపు తిరక్కుండానే.

కాబట్టి మీకు నా సలహా, ఏప్రిల్ టికెట్లు రద్దు చేసుకోండి. సంక్రాంతి వెళ్లాక కోరుకొండ వైపు రండి. ఎవరి అరుగు మీద కూర్చున్నా పిల్లల చేతిలో కూడా ఒక పళ్లెం పెడతారు. వచ్చేముందు వారం రోజులు గోళ్లు మాత్రం కత్తిరించకండి.