మలావీలోని క్వీన్స్ ఆసుపత్రి ఎప్పుడూ ఎందుకంత కిక్కిరిసి ఉంటుంది?

ఈ ఆఫ్రికా దేశంలోకెల్లా పెద్ద ప్రభుత్వాసుపత్రి అయినా బ్లాంటైర్‌లోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్‌కి ఇంత రద్దీ ఏమిటని అడిగారు. డబ్బు కొరత, నర్సుల కొరత ఎలాగూ ఉన్నాయి. కానీ అసలు చిక్కు వేరే ఉంది.

లెక్క ప్రకారం రోగి ముందు హెల్త్ సెంటర్‌కి, తర్వాత జిల్లా ఆసుపత్రికి, అక్కడా కుదరకపోతేనే సెంట్రల్ ఆసుపత్రికి రావాలి. బ్లాంటైర్‌కి విడిగా జిల్లా ఆసుపత్రే లేదు! దాంతో దక్షిణ మలావీ అంతటి నుంచీ రిఫరైన కష్టమైన కేసులతో పాటు, జిల్లా స్థాయిలో తేలిపోవాల్సినవీ ఇక్కడికే వస్తాయి. పేషంట్ వెంట వచ్చినవాళ్లూ అక్కడే ఉంటారు. వండిపెట్టడం, ఒళ్లు తుడవడం, బట్టలుతకడం వాళ్ల పనే. మన పెద్దాసుపత్రుల వరండాలు చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

ఇది బోధనాసుపత్రి కూడా. 1991లో దేశంలో మెడికల్ కాలేజీ వచ్చేదాకా డాక్టరు చదువుకి విదేశాలే దిక్కు.

ఈ రద్దీలోంచే ప్రపంచానికి పనికొచ్చినదీ పుట్టింది. మలేరియా మెదడుకెక్కిన పిల్లలు ఎంత స్పృహలో ఉన్నారో కొలిచే బ్లాంటైర్ కోమా స్కోరు 1980ల్లో ఇక్కడ తయారైందే. స్పృహ కొలవడానికి మామూలుగా వాడే గ్లాస్గో స్కేలుకి పేషంట్ మాట్లాడగలగాలి, మాటలు రాని పసివాళ్లకి అదెలా కుదురుతుంది? అందుకని ఇందులో ఏడుపు, చూపు, నొప్పికి కదలిక చూసి 0 నుంచి 5 దాకా మార్కులేస్తారు. 2 లేదా అంతకన్నా తక్కువైతే కోమా కింద లెక్క.