షార్ట్ ఫిల్మ్‌కి సంగీతం ఊరికే చేసిపెట్టాలా?

విజయనగరంలో తీస్తున్న 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్, దర్శకుడి దగ్గర డబ్బుల్లేవు, ఉచితంగా సంగీతం చేయొచ్చా అని ఓ సంగీతకారుడు అడిగారు.

కెమెరాకి అద్దె కట్టి, యూనిట్‌కి భోజనాలు పెట్టి, సంగీతం దగ్గరికొచ్చేసరికే చేతులెత్తేస్తే ఒప్పుకోకండి. అందరూ ఊరికే చేస్తూ, కథ మీకు నచ్చితే ఒకటో రెండో చేయొచ్చు. అప్పుడైనా ఉచితం మీ శ్రమ మాత్రమే. తప్పెటగుళ్ల బృందాన్నో సన్నాయి వాయించేవారినో పిలిస్తే వాళ్ల కూలి, దారిఖర్చులు నిర్మాత ముందే ఇవ్వాలి. ఇందులో మొహమాటం అస్సలు పనికిరాదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఎడిటింగ్ దగ్గర. ఫైనల్ కట్, అంటే ఇక మార్పుల్లేని ఎడిటింగ్, చేతికొచ్చాకే మొదలుపెట్టండి. తర్వాత మధ్యలో 4 సెకన్ల షాట్ లేపేస్తే, అక్కడినుంచి సంగీతమంతా 4 సెకన్లు వెనకబడుతుంది. తలుపు మూసేశాక డప్పు మోగుతుంది. మార్పులు రెండుసార్లే అని ముందే రాసుకోండి. ఫైళ్లు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV) ఫార్మాట్‌లో ఇవ్వండి.

హక్కులు మాత్రం వదలొద్దు. కాపీరైట్ బదిలీ రాతలో లేకపోతే చెల్లదు. గడువు రాయకపోతే 5 ఏళ్లే. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమాహాల్లో సినిమాతో పాటు కాకుండా మరోచోట ఆ సంగీతం వాడితే వచ్చే రాయల్టీలో సమాన వాటాను మీరు సంతకం పెట్టి వదులుకున్నా అది చెల్లదు. కాగితం మీద ‘ఈ సినిమాలో వాడుకోవడానికే అనుమతి’ అని రాయండి.